ఇంటి చెత్తను వేఱుపఱచుటయు, తడి చెత్త ఎరువగు క్రమమును

పట్టణములయందు ప్రతిదినము ఇండ్లనుండి వెలువడు చెత్తను ఇంటియొద్దనే వేఱుచేసి యుంచవలెననుట క్రొత్త మాట గాదు. 2000 సంవత్సరమున ప్రకటింపబడిన నియమములు గృహస్థులచే ఇట్లు చేయించుటకు పురపాలక సంఘములు ప్రోత్సాహమొసగవలెనని చెప్పెను. 2016 సంవత్సరపు నియమములు మఱియొక అడుగు ముందునకు వేసి, కుళ్లునది, కుళ్లనిది, అపాయకరమైనది అని మూడు విధములుగ విభజించి యిచ్చుట గృహస్థుని విధిగనే నిర్ణయించెను. అయినను పెక్కు పట్టణములలో ఇల్లాలు రెండు బుట్టలలో వేఱుగ నుంచిన చెత్త వీధి మలుపు దాటకమునుపే ఒకే బండిలో కలసిపోవుచున్నది. ఇట్లేల జరుగుచున్నది, వేఱుచేయుటవలన కలుగు లాభమెట్టిది, తడి చెత్త ఏ క్రమమున ఎరువగును, పురపాలకోద్యోగులును తాలూకా, మండలాధికారులును మొట్టమొదట దేనికి ధనము వెచ్చింపవలెను అను సంగతులు ఇందు వివరింపబడుచున్నవి.

మొదట మన చెత్త యెట్టిదో తెలిసికొనవలెను. మన దేశపు పట్టణములలోని చెత్తలో ఇంచుమించు సగము, కొన్నియెడల సగమునకు మించి, కుళ్లు పదార్థమే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము, కాచి వడకట్టిన తేయాకు, చేపల పొలుసులు, ఎంగిలి విస్తళ్లు, పూజకు వాడిన పూలు, అరటి బోదెలు, చెఱకు పిప్పి ఇందు చేరును. వంటయింటి చెత్త బరువులో పదింట ఏడు పాళ్లు నీరే. ఈ యొక్క సంగతిని మఱచుటవలన ఎంత ధనము వ్యర్థమైనదో 1987లో ఢిల్లీ తిమార్పూరునందు విదేశ సహాయముతో నిర్మించిన దహన యంత్రమే సాక్ష్యము. కాగితమును అట్టయు మెండుగ గల చెత్తకు తగినట్లు కట్టిన యా యంత్రము, మట్టియు తడియు నిండిన మన చెత్తలో తగినంత మంట శక్తి లేకపోవుటచే కొలది కాలములోనే నిలిచిపోయెను. తడిసిన చెత్త కాలదు. కాల్పబూనిన పొగ మాత్రము వచ్చును. దానిని నేలకు తిరిగి యిచ్చుటయే దానికి తగిన గతి.

తడి చెత్తయు పొడి చెత్తయు కలసినప్పుడు రెండును చెడును. పాత కాగితములవర్తకుడు పొడిగానున్న వార్తాపత్రికకు వెల యిచ్చును. పులుసు కారిన కాగితమును చేతితో ముట్టడు. ప్లాస్టికు సంచిలో పెరుగన్నము అంటియున్న, దానిని కడిగి కరగించుటకు అగు వ్యయము దాని వెలకు మించును. మఱియొక వంక, కూరగాయల తొక్కలలో పడిన గాజుపెంకు ఎరువుతోకూడ పొలమునకు పోయి, నాట్లు వేయు కూలిస్త్రీ అరికాలిని కోయును. పగిలిన ఉష్ణమాపకములోని పాదరసము, వాడిపారవైచిన బ్యాటరీలోని సీసము, రంగుల డబ్బాలలోని విషములు కుళ్లిన పదార్థముతో కలసి ఎరువులో చేరును. ఇట్టివి జల్లెడకు దొరకవు. 1985 సంవత్సరపు ఎరువుల నియంత్రణపు టుత్తరువును అనుసరించి పట్టణ కంపోస్టులో సీసము కిలో ఒక్కింటికి 100 మిల్లీగ్రాములకును, కాడ్మియము 5 మిల్లీగ్రాములకును మించరాదు. కలసిన చెత్తనుండి చేసిన యెరువు ఈ పరీక్షలో తఱుచుగ తప్పుచున్నది. ఇంటియొద్ద వేఱుచేసిన తడి చెత్తనుండి చేసినది సాధారణముగ నిలుచుచున్నది.

ఆరోగ్యశాఖవారు ముఖ్యముగ గమనింపదగినది ఈగ. ఇంటి ఈగ ఒక్కసారికి నూఱు మొదలు నూటయేబది వఱకు గ్రుడ్లను తేమగల కుళ్లునందు పెట్టును. వేసవియందు అవి ఒక దినములోపలనే పిగులును. పురుగులు నాలుగైదు దినములు ఆ కుళ్లునే తిని పెరిగి, పిదప కుప్పను విడిచి చుట్టునున్న పొడిమట్టిలోనికి ప్రాకి గూడు కట్టుకొనును. గ్రుడ్డునుండి రెక్కల ఈగ వఱకు ఉష్ణకాలమున ఏడు మొదలు పది దినములు చాలును. వారమున కొక్కసారి మాత్రమే తొట్టిని ఖాళీచేయు పేటలో పారిశుద్ధ్య సిబ్బంది తొట్టిని శుభ్రపఱచుటకు వచ్చునప్పటికి ఒక తరము ఈగలు అప్పుడే మట్టిలో దాగియుండును. కావున తడి చెత్తను ప్రతిదినము తీయవలెను. పొడి చెత్తను వారమునకు రెండుమార్లు తీసినను కొఱత లేదు. అది కుళ్లదు, ఈగకు ఆహారము గాదు. వేఱుచేయుటవలన పురపాలక సంఘమునకు కలుగు మొదటి మిగులు ఇదియే: ప్రతిదినము మోయవలసిన బరువు తగ్గును.

చెత్తనంతయు ఊరివెలుపల కుప్పగ పోసినచో, పైనున్న పొర గాలికి ఎండును. లోపలి పొర గాలిలేక పులియును. గాలిలేనిచోట కుళ్లు పదార్థము మీథేను అను మండు వాయువును పుట్టించును. ప్లాస్టికు పొరలు దానిని పట్టియుంచును. ఒకమాఱు నిప్పంటినచో నీరు చల్లినను లోపలి మంట ఆరదు. 2023 మార్చి 2వ తేదీన కొచ్చి నగరముయొక్క బ్రహ్మపురము చెత్తకుప్ప అంటుకొని, ఇంచుమించు పండ్రెండు దినములు పొగ నగరమును క్రమ్మియుండెను, పాఠశాలలను మూయవలసివచ్చెను. అచట కాలినది ప్లాస్టికు. ఆ పొగ ఎట్టిదో వైద్యులకు చెప్పనక్కఱలేదు. కుప్ప అడుగునుండి కారు నల్లని నీరు బావులలోనికి దిగుట వేఱొక కీడు. ఈ రెంటికిని మూలము తడి చెత్తను పొడి చెత్తతో కలిపి పోయుటయే.

తడి చెత్తను ఎరువుగ మార్చు శాస్త్రము మన దేశమునందే ప్రసిద్ధికెక్కెను. 1924 మొదలు 1931 వఱకు ఇందూరునందలి వృక్ష పరిశ్రమ సంస్థలో ఆల్బర్టు హోవార్డుగారును, యశ్వంతు వాడ్‌గారును కలసి, చైనా రైతుల పద్ధతిని మన పల్లెలకు తగినట్లు సవరించి, ఆకులలము, గడ్డి, పేడ, బూడిదలను పొరలుపొరలుగ పేర్చి, నియమిత కాలములయందు తిరుగవేసి, మూడు నెలలలో ఎరువు చేయు విధానమును స్థిరపఱచిరి. 1931లో దానిని గ్రంథముగ ప్రకటించిరి. ఇది ఇందూరు పద్ధతి. 1934లో జాక్సన్, వాడ్ గారలు దీనినే పట్టణపు చెత్తకును అన్వయించి వ్రాసిరి. 1939లో బెంగుళూరునందలి భారతీయ విజ్ఞాన మందిరములో సి. ఎన్. ఆచార్యగారు వేఱొక విధానమును చూపిరి. గుంటలలో చెత్తను మలముతో పొరలుపొరలుగ నింపి మట్టితో కప్పి, తిరుగవేయక నాలుగు మొదలు ఆఱు నెలలు విడుచుట అందలి మర్మము. కూలి తక్కువ, స్థల మెక్కువ. యుద్ధకాలమునను, తరువాతను పెక్కు పురపాలక సంఘములు దీనినే అవలంబించెను.

ఈ సందర్భమున ఒక మాట చెప్పక తప్పదు. బెంగుళూరు పద్ధతి ఆ కాలమున సాగుటకు తలమీద మలము మోసిన పాకీ పనివారు ఆధారముగనుండిరి. ఆ లెక్కలలో ఎరువు టన్నులు కలవు. వారి వ్యాధులు లేవు. 1993లోను, మఱల 2013లోను చేసిన శాసనములచే మనుష్యులచే మలము నెత్తించుట నిషేధింపబడెను. కావున పాత పుస్తకములలోని ఆ భాగమును ఇప్పు డనుసరింపరాదు. మలమునకు బదులు పేడనీళ్లు చల్లినను పని జరుగును.

పాతకాలపు ఫలితములు తరువాతి పట్టణములలో ఏల రాలేదని ప్రశ్నింపవచ్చును. 1931నాటి పట్టణపు చెత్తలో ఆకులు, బూడిద, దుమ్ము, పేడ, గుడ్డపేలికలు ఉండెను. ఇనుపముక్కయు సీసాయు వెల గల వస్తువులు గావున ఎవ్వరును పారవేసెడివారు కారు. అది దానంతట వేఱుపడిన చెత్త. ప్లాస్టికు ప్రతి యింట ప్రవేశించిన పిదప ఆ స్థితి మారెను. 1970 తరువాత పెద్ద నగరములలో యంత్రములతో నడచు కంపోస్టు కర్మాగారములు కొన్ని స్థాపింపబడినను, కలసిన చెత్తనే తిని గాజును, ప్లాస్టికును నిండిన యెరువును క్రక్కుటచే రైతులు కొనక, అందనేకము మూతపడెను. యంత్రము వేఱుచేయజాలదు అని చెప్పుట గాదు. వంటయింటియందు ఒక క్షణములో జరుగు పనిని కర్మాగారమునందు చేయుటకు నూఱింతల ధనమగును, అప్పటికిని పూర్తిగ జరుగదు.

ఇక ఏ వస్తువు ఏ బుట్టలోనిది అను ప్రశ్న. సాధారణ వస్తువులలో సందేహము లేదు. చిక్కంతయు నడిమి వస్తువులయందే. మన పనివారిని ఇంటింట అడుగునవి ఇవియే గావున కొంచెము విపులముగ చెప్పుట మంచిది. అరటియాకు, మోదుగాకు విస్తరి తడి చెత్త. పుల్లలతో కుట్టినను బాధలేదు. కాని వెండి మెఱుగు పూసిన కాగితపు పళ్లెము చూచుటకు కాగితమైనను ప్లాస్టికు పొర గలది. ఎంగిలి దులిపి పొడి చెత్తలో వేయవలెను. టీ త్రాగు కాగితపు కప్పునకును ఇదే నియమము. పూలదండను దారము తీసి తడి బుట్టలో వేయవలెను; నైలాను దారము కుళ్లదు, తిరుగవేయు పారకు చుట్టుకొనును. కోడిగ్రుడ్డు పెంకు తడి చెత్తయే. కొబ్బరిచిప్పయు, మామిడిటెంకయు కుళ్లునవియే గాని ఏండ్లు పట్టును. వానిని వేఱుగ ఉంచి వంటచెఱకుగ నిచ్చుట మేలు. మాంసపు ఎముకలు సామాన్యపు ఇంటి కుండీలో వేసినచో కుక్కలు త్రవ్వును. పట్టణపు పెద్ద కుప్పయందు నడుమ పూడ్చినచో చెఱుపు లేదు. నూనెలో వేయించిన పకోడీలు కట్టిన కాగితము పొడి చెత్తకు పనికిరాదు. చింపి తడి దానిలో వేయవచ్చును, రంగుపూత లేనిదైనచో. ఇంట ఊడ్చిన దుమ్మును తడి బుట్టలో వేయుట అలవాటు; అందు వెంట్రుకలు, ప్లాస్టికు పోగులు, పిన్నీసులు ఉండును గావున అట్లు వేయరాదు.

పాల సంచి విషయము ప్రత్యేకము. మూలను కొంచెము కత్తిరించు అలవాటుచే ఆ చిన్న ముక్క ఎందును చేరక మురుగుకాలువలో పడుచున్నది. ముక్క ఊడకుండ కోసి, సంచిని ఒక్కమాఱు నీటితో తొలిచి ఆరవేసినచో పాతసామానువాడు కొనును. ఆ కడిగిన నీరును కుండలోని మొక్కకు పోయవచ్చును. చిప్సు, షాంపూ మొదలగువాని తళుకు పొట్లములు పలుపొరలు గలవి గావున కరగించి మరల వాడుటకు అనుకూలములు గావు. ఐనను పొడి చెత్తలోనే వేయవలెను, ఏలయన తడి చెత్తలో పడిన వాని కీడు అధికము.

మూడవ తరగతి అపాయకరమైనది. బ్యాటరీలు, గొట్టపు దీపములు, కాలము చెల్లిన మందులు, పురుగుమందు డబ్బాలు, రంగులు, ఇంట సూదిమందు చేసికొను మధుమేహరోగుల సూదులు ఇందు చేరును. ఇవి దినదినము రావు; నెలకొకసారి సేకరించిన చాలును. సూదులను మూతగల గట్టి సీసాలో వేసి ఇయ్యవలెను. స్త్రీల నెలసరి గుడ్డలను, శిశువుల డైపర్లను భద్రముగ చుట్టి ఇయ్యవలెనని 2016 నియమములు కోరెను. ఈ చివరి సంగతి చెప్పుటకు మన సిబ్బంది సిగ్గుపడుటచే, ఆ పొట్లములు తడి చెత్తలో దాగివచ్చి, వానిని విప్పుటకు బండివానిచేతులే దిక్కగుచున్నవి. ఇంటింటికిని స్త్రీ కార్యకర్తలను పంపి చెప్పించుట తగిన మార్గము.

తొట్టెల రంగుల విషయమున కొంత గందరగోళము కలదు. 2000 నియమములు ఆకుపచ్చ, తెలుపు, నలుపు రంగులను చెప్పెను. 2017 ప్రచారమున ఆకుపచ్చ తడి చెత్తకును, నీలము పొడి చెత్తకును అని ప్రకటించిరి. రంగు ఏదైనను ఒక పట్టణమున ఒకటే యుండవలెను. అది బుట్టకును, బండికిని, ఎరువు చావడి గోడకును ఒకటే కావలెను. ఏటేట మార్చినచో ప్రజలు దేనిని నమ్మరు.

ఇక ఎరువగు క్రమము. కుప్పలోపల పనిచేయునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. వానికి కావలసినవి నాలుగు: ఆహారము, నీరు, గాలి, వేడిని నిలుపుకొను పరిమాణము. ఆహారమునందు అంగారకము ఒక పాలు నత్రజనికి ఇరువదియైదు మొదలు ముప్పది పాళ్లు ఉండవలెను. వంటయింటి చెత్తలో నత్రజని హెచ్చు. ఎండుటాకులలోను, గడ్డిలోను, ఱంపపు పొట్టులోను అంగారకము హెచ్చు. కావున రెంటిని కలుపవలెను. వీధులూడ్చిన ఆకులను కాల్చివేయుచున్న పురపాలక సంఘములు తమ ధనమునే తాము కాల్చుకొనుచున్నవని చెప్పుట అతిశయోక్తి గాదు. మూడు పాళ్లు తడి చెత్తకు ఒక పాలు మొదలు రెండు పాళ్లవఱకు ఎండుటాకులు, పరిమాణమునుబట్టి, కలిపినచో సాధారణముగ సరిపోవును.

కొలతపరికరములు లేనియెడల ముక్కును చేతిని నమ్మవచ్చును. పిడికెడు పదార్థమును గట్టిగ పిండినప్పుడు వ్రేళ్లనడుమ రెండుమూడు చుక్కలు మాత్రము కనబడవలెను. ధారగ కారినచో నీరెక్కువ, పిడికిలి విప్పగనే పొడిగ రాలినచో తక్కువ. కుళ్లిన గ్రుడ్డు కంపు వచ్చినచో గాలి చాలలేదు, తిరుగవేయవలెను. ముక్కు మండు నవాసారపు ఘాటు వచ్చినచో నత్రజని గాలిలో పోవుచున్నది, ఎండుటాకులు కలుపవలెను. మంచి కుప్పకు కంపుండదు. తొలకరి వానకు తడిసిన మట్టి వాసన యుండును. కంపు కొట్టు కంపోస్టు చావడిని చూచి ప్రజలు కోపించుట న్యాయమే. ఆ కంపు ఎరువు చేయుటవలన వచ్చినది గాదు, చేయకపోవుటవలన వచ్చినది.

కుప్ప పేర్చిన రెండు మొదలు నాలుగు దినములలో నడిమిభాగము 55 మొదలు 65 సెంటిగ్రేడు డిగ్రీలవఱకు వేడెక్కవలెను. ఒక ఇనుప కడ్డీని నడుమకు గ్రుచ్చి పావుగంట తరువాత తీసినచో, చేతితో పట్టుకొన వీలులేనంత వేడిగనుండుటయే గుర్తు. ఈ వేడియే ఆరోగ్యాధికారికి ముఖ్యము. 55 డిగ్రీలలో కొన్ని దినములుంచినచో రోగక్రిములలో అత్యధికమును, ఏలికపాముల గ్రుడ్లును, ఈగ పురుగులును, కలుపు విత్తనములును నశించును. కాని అంచులయందు ఆ వేడి చేరదు. అచటి పురుగు బ్రదికియుండును. కనుకనే వారమున కొక్కసారి లోపలిది వెలుపలికిని, వెలుపలిది లోపలికిని వచ్చునట్లు తిరుగవేయవలెను. కేవలము పైపైన కెలకినచో ప్రయోజనము లేదు. 70 డిగ్రీలు దాటినచో పనిచేయు సూక్ష్మజీవులే చచ్చును, అప్పుడును తిరుగవేసి చల్లార్పవలెను. ఆఱు వారములకు వేడి తగ్గును. తిరుగవేసినను మఱల వేడెక్కనిచో, ఇంకను నెలదినములు నీడలో మాగనిచ్చి జల్లెడ పట్టవలెను. పచ్చి యెరువును తొందరపడి పొలమునకు వేసినచో అది పైరుయొక్క నత్రజనినే తినివేయును. మొక్క పసుపుబారును, రైతు మఱల రాడు.

స్థల మెంత కావలెనో లెక్క చూతము. పదివేల ఇండ్లు గల పట్టణమున ఇంటికి దినమునకు 1 కిలో తడి చెత్త వచ్చుననుకొనుడు. అది 10 టన్నులు. ఘనపు మీటరునకు 500 కిలోల వంతున 20 ఘనపు మీటర్లగును. అడుగున 3 మీటర్ల వెడల్పును, 1 1/2 మీటరు ఎత్తును గల వెన్నెముక ఆకారపు వరుసగ పేర్చిన, నాటి చెత్తకు సుమారు 9 మీటర్ల పొడవు కావలెను. ప్రక్కన 2 మీటర్ల దారి విడిచినచో దినమునకు 45 చదరపు మీటర్లు. 42 దినములకు 1,890 చదరపు మీటర్లు, అనగా అర ఎకరమునకు కొంచెము తక్కువ. మాగుటకును, జల్లించుటకును, నిలువకును చేర్చిన ఒక ఎకరము చాలును. ఆకులు కలిపినందున పెరుగు పరిమాణము, కుప్ప నానాటికి క్రుంగుటచే చాలవఱకు సరిపడును. చివరకు దినమునకు ఇంచుమించు 2 టన్నుల ఎరువు చేతికి వచ్చును. ఇదే చెత్తను కలిపి పోసినచో ఆ యెకరము కొన్ని యేండ్లలో కొండయగును. మఱియొక యెకరము వెదకవలెను. తాలూకా ఉద్యోగులకు ఇది తెలియనిది గాదు: చెత్త పోయుటకు భూమి కావలెనన్నప్పుడు ఏ గ్రామమును ఒప్పుకొనదు.

అసలు చిక్కు బండియందున్నది. నా యభిప్రాయమున, పురపాలక సంఘము వెచ్చించు మొదటి రూపాయి బుట్టలకు గాక బండికి పోవలెను. నడుమ గట్టి అడ్డుపలక గల బండి, లేక తడి పొడి చెత్తలకు వేఱువేఱు బండ్లు లేనిచో, ఇంటింట పంచిన బుట్టలు నీళ్లు పట్టుకొనుటకును, బియ్యము పోసికొనుటకును ఉపయోగపడును. గృహస్థుడు బండివాని చేతిని చూచుచుండును. తాను వేఱుచేసి యిచ్చినది తన కన్నులయెదుటనే కలిసిపోవుట ఒక్కమాఱు చూచినచో, మఱల వేఱుచేయుమని పది కరపత్రములు పంచినను చేయడు. జరిమానాలు సైతము అట్టిచోట అన్యాయమగును. బండి సరియైన పిదప, మూడు నెలలు చెప్పి చూచి, అప్పటికిని కలిపి యిచ్చువారి చెత్తను తీసికొనక తిప్పి పంపుట జరిమానాకంటె ఫలించును.

రెండవ రూపాయి పనివారి చేతులకు పోవలెను. గట్టి చేతితొడుగులు, బూట్లు, ధనుర్వాతపు టీకా, ప్రతి చావడియందు సబ్బును నీరును లేక ఈ పని చేయించుట తగదు. కలసిన చెత్తను చేతులతో ఏరు పనివాని వ్రేళ్లపై గాట్లను చూచినవారికి వేఱుచేయుట ఏల అను ప్రశ్న పుట్టదు. ఇదిగాక, చెత్త ఏఱుకొని జీవించువారు ప్రతి పట్టణమున ముందునుండియే ఉన్నారు. కాగితము, సీసా, ఇనుము మరల కర్మాగారమునకు చేరుట వారివలననే. వారిని తఱిమివేయక పనిలో చేర్చుకొనుట న్యాయము, లాభము కూడ. పుణెలో చెత్త ఏఱు స్త్రీలు సహకార సంఘముగనేర్పడి, 2008 ప్రాంతమునుండి నగరపాలక సంస్థతో ఒడంబడిక చేసికొని ఇంటింట చెత్త తీయుచు, పొడి చెత్త అమ్మిన సొమ్మును తామే పొందిరి.

చిన్న పట్టణములకు ఇది సాధ్యము గాదనువారికి తెలుగుదేశపు నిదర్శనమే కలదు. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనుండిన సూర్యాపేట పురపాలక సంఘము 2003 ప్రాంతమున వీధి తొట్టెలను తీసివైచి, ఇంటింట రెండు బుట్టల పద్ధతిని పెట్టి, తడి చెత్తను ఎరువుగ మార్చి, దూరప్రాంతములనుండి అధికారులు వచ్చి చూచునట్లు చేసెను. అది ధనిక పట్టణము గాదు. కేరళలోని అలప్పుజ 2012 తరువాత, ఊరివెలుపలి గ్రామస్థులు చెత్తబండ్లను అడ్డగించుటచే, వేఱుదారిలేక పేటపేటకు గాలియాడు కంపోస్టు తొట్టెలను కట్టుకొనెను. హోవార్డుగారు పనిచేసిన ఇందూరు 2016 మొదలు ఇంటియొద్దనే వేఱుచేసిన చెత్తను సేకరించుటకు పూని, 2017నుండి వరుసగ దేశపు శుభ్రతా పరీక్షలలో మొదటిస్థానమునందెను. 2022 ఫిబ్రవరిలో అచట దినమునకు 550 టన్నుల తడి చెత్తనుండి వాయువును తీయు కర్మాగారము ప్రారంభింపబడెను. ఆ కర్మాగారము నడచుటకు మూలము దాని యంత్రములు గావు, దానిలోనికి పోవు చెత్తలో ప్లాస్టికు లేకుండుటయే.

సూరతు సంగతి వేఱు. 1994 సెప్టెంబరులో అచట మహామారి వార్త పుట్టగా లక్షలకొలది జనులు నగరమును విడిచిపోయిరి. 1995లో కమీషనరుగ వచ్చిన ఎస్. ఆర్. రావుగారు పెద్ద యుద్యోగులనందఱిని ప్రతియుదయము వీధులలో తిరిగి చూచునట్లు నియమించిరి. అప్పటి పని వేఱుచేయుట గాదు, తీయుటయే. కాని ఉదయము వీధిలో నిలిచి చూడని అధికారి కార్యాలయమునుండి వ్రాయు ఉత్తరువునకు ఎంత విలువ యుండునో అది తెలుపును.

వానకాలమును గూర్చి ఒక మాట. ఎరువు చావడికి కప్పు లేనిచో జూన్‌నుండి సెప్టెంబరువఱకు కుప్పలు నాని, గాలి పోయి, వేడి చల్లారి, ఈగలకు పుట్టినిల్లగును. రేకుల కప్పును, వాలుగల సిమెంటు నేలయు, కారిన నీటిని పట్టు చిన్న గుంటయు కావలెను. ఆ నీటిని కాలువలోనికి విడువక, ఎండిన క్రొత్త కుప్పలపై చల్లవలెను. కప్పునకు ధనము చాలనియెడల కనీసము తాటాకుతో కప్పి, వరుసల చుట్టు గాడి తీయవలెను. ఎండుటాకులను మార్చి, ఏప్రిలు మాసములయందే ఏరి సంచులలో నిలువ చేసికొననిచో జూలైయందు కలుపుటకు ఏమియు నుండదు. అప్పుడు వరిపొట్టునకు గాని, వడ్రంగుల చావడినుండి ఱంపపు పొట్టునకు గాని ముందుగ ఏర్పాటు చేసికొనవలెను. చావడియందొక పుస్తకము పెట్టి, ప్రతి కుప్పకును పేర్చిన తేదీ, ఏ వార్డు చెత్త, తిరుగవేసిన దినములు, కడ్డీ వేడి, జల్లెడలో మిగిలిన ప్లాస్టికు బరువు వ్రాయించవలెను. ఏ వార్డు కుప్పలో ఆ చివరి అంకె హెచ్చుగనున్నదో మరునాటి ఉదయము ఆ వార్డు బండివెంట ఇనస్పెక్టరు నడువవలెను.